అంబికక్క పథ్యం

ఆ ఉదయం పుంగనూరులో గంగాధరం ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వచ్చి ఉంటే గడపలోనే నిలబడి కళ్ళు తుడుచుకొనేవారు. ఆర్టీసీ బస్సు కండక్టరు గంగాధరం ఖాకీ చొక్కా తొడుక్కొని, డ్యూటీకి వేళవుతున్నా లేవకుండా, మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. మంచం మీద అతని అక్క అంబిక. జుట్టంతా రాలిపోయిన తలకు మెత్తని పాతచీర ముక్క చుట్టుకొని గోడకు ఆనుకొని ఉంది. తమ్ముడు గిన్నెలోని జావను చెంచాతో తీసి, నోటితో ఊది, చల్లార్చి అక్క నోటికి అందిస్తున్నాడు.

"ఇంగొక్క చెంచా అక్కా. నా కోసరం."

"ఉప్పన్నా రవ్వంత వెయ్యరా. నోట్లోకి పోతాండేది జావో, నీళ్ళో తెలీలే."

"ఉప్పు కూడదన్నారు కదక్కా. కొన్నాళ్ళు నోరు కట్టుకో. నయమైనంక నీ ఇష్టం, కడుపునిండా తిందువు."

గోడ అవతలి నుంచి పక్కింటి చెంగమ్మ తొంగిచూసి, "తమ్ముడంటే ఇట్లుండల్ల! ఈ కాలంలో కన్నబిడ్డలన్నా ఇట్ల సూస్తారామ్మా?" అని ముక్కున వేలేసుకుంది.

చెంగమ్మ మాటలో అబద్ధం లేదు. గంగాధరం ప్రేమ అచ్చమైన ప్రేమ. కాని అమ్మలారా, అయ్యలారా, ఆ ప్రేమను చూసి మురిసిపోయే ముందు ఒక్కసారి ఆ గిన్నెలోకి చూడండి. చిటికెడు రాగిపిండి, గిన్నెడు నీళ్ళు! పెద్ద జబ్బుతో పోరాడుతున్న మనిషికి ఆ పూటకు అదే తిండి. మధ్యాహ్నం ఇంత గంజి, సాయంత్రం మళ్ళీ ఇదే జావ. మన ఇళ్ళలో ఎందరు రోగులు ఇలా ప్రేమగా పస్తులుంటున్నారో ఎవరూ లెక్క పెట్టలేదు.

అంబిక ఇలా మంచం పట్టే మనిషి కాదు. మదనపల్లెలో ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. పొయ్యి మీద ఆమె పప్పు పెట్టిందంటే తరగతి గదుల్లో పాఠం ఆగిపోయేదని అయ్యవార్లు నవ్వుతూ చెప్పేవారు. తల్లీ తండ్రీ ముందూ వెనకా పోయినప్పుడు గంగాధరం ఇంకా నిక్కరు వేసుకొనే పిల్లవాడు. అంబికే వాడికి తల్లయింది. తనకు పెళ్ళయినా, భర్త పోయి ఒంటరిదైనా, తమ్ముడి కడుపు మాత్రం ఏనాడూ ఎండనియ్యలేదు. వాడు కండక్టరయ్యాడు, సుష్మను పెళ్ళిచేసుకొని పుంగనూరులో స్థిరపడ్డాడు. అక్క మదనపల్లెలోనే ఉండిపోయింది. వాడి బస్సు రోజూ మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోతుంది కాబట్టి, పొద్దున్నే బస్టాండులో అక్క కట్టి ఇచ్చిన సద్ది లేకుండా అది కదిలేది కాదు.

రొమ్ములో గడ్డ తగిలినప్పుడు అంబిక సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి అది ముదిరింది. కుప్పంలో పెద్దాసుపత్రి డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, క్యాన్సరేనని తేల్చారు. ముందు కొన్ని విడతలుగా మందు ఎక్కించి గడ్డను తగ్గించాలి, ఆ తరువాతే ఆపరేషన్ అన్నారు. గంగాధరం అక్కను ఆ రోజే తన ఇంటికి తెచ్చుకున్నాడు. "నా అక్కని నేను బతికించుకుంటా" అని సుష్మతో అన్నాడు. అన్నవాడు అక్కడితో ఆగలేదు. ఊళ్ళో గంగమ్మ గుడికి పోయి, అక్కకు నయమయ్యేదాకా ఈ ఇంట్లో ఎవ్వరూ నీసు ముట్టరని మొక్కుకొని వచ్చాడు. మాంసం, చేప, గుడ్డు అన్నీ ఆ మొక్కులోకి పోయాయి.

ఇక చూడవచ్చేవాళ్ళు మొదలయ్యారు. మన దగ్గర రోగిని చూడటానికి ఉత్తచేతులతో ఎవరూ రారు. యాపిల్ పండ్లు తెస్తారు, బ్రెడ్డు తెస్తారు, అరటిపండ్లు తెస్తారు. పోయేటప్పుడు మాత్రం రోగి నోటి దగ్గర నుంచి ఒక్కొక్కటి తీసుకుపోతారు! చెంగమ్మ వచ్చి చెనిక్కాయలు, అవే వేరుశెనగలు, తింటే చీము పడుతుందని చెప్పింది. చెనిక్కాయలు పోయాయి. ఒకావిడ పప్పు వాయువన్నది, పప్పు పోయింది. ఇంకొకావిడ పెరుగు, అరటిపండు ఒంటికి శీతం చేస్తాయన్నది. అవీ పోయాయి. తీపి తింటే గడ్డ కూడా తిని బలుస్తుందని, పాలు దానికి మరీ బలమని ఎవరో ఫోనులో వీడియో చూపించారు. బెల్లం, పాలు వెళ్ళిపోయాయి. చివరికి రామసముద్రం నుంచి మేనమామ భీమరావు వచ్చాడు. తలపండిన పెద్దమనిషి. ఆయన మాట ఇంటిలో ఎవరూ దాటరు.

"అల్లుడూ, ఆసుపత్రి మందు దాని పని అది సేస్తాది. పథ్యం మన పని. ఉప్పూ పులుపూ మానిపించు. నోరు గెలిస్తే రోగం గెలిసినట్లే" అన్నాడు.

గంగాధరం తలాడించాడు. బంధువులు తెచ్చిన పండ్లు, బ్రెడ్డు వీధి పిల్లలకు పంచిపెట్టాడు. అక్క మంచం మీద నుంచి చూస్తూ ఉండిపోయింది.

రెండు విడతలు మందు ఎక్కింది. మూడో విడతకు పోతే ఒంట్లో రక్తం చాలదు, బరువు బాగా తగ్గింది, కొన్నాళ్ళు ఆగి, బాగా తిని రమ్మన్నారు డాక్టర్లు. "బాగా తిని" అన్న మాట గంగాధరం చెవిని తాకి అవతలికి పోయింది. మందు ఆపారన్న మాటే మిగిలింది. ఇంటికి వచ్చి అందరినీ అడిగితే అందరూ ఒకటే మాట చెప్పారు. పథ్యం యాడనో చెడింది, లేకపోతే ఇట్లెందుకవుతుంది? గంగాధరం నిఘా పెంచాడు.

ఒకరోజు డ్యూటీ నుంచి తొందరగా వచ్చేసరికి వంటింట్లో సుష్మ, అంబిక పక్కపక్కన కూర్చొని ఉన్నారు. అంబిక చేతిలో ఉడికించిన గుడ్డు, సగం కొరికినది. ఆమె దవడలు ఆత్రంగా కదులుతున్నాయి. తమ్ముణ్ణి చూడగానే నమలడం ఆపేసింది.

"ఏమే, నీకేమన్నా బుద్ధుండాదా?" గంగాధరం గొంతు వీధి దాకా వినబడింది. "గంగమ్మకు మొక్కింది తెలీదా? మా అక్క బతకల్లనా, వద్దా నీకు?"

"ఆకలంటాందయ్యా. సూడలేకపోతి. కడుపు సేత్తో పట్టుకొని ఏడుస్తాంది" అంది సుష్మ.

"నీ అక్కయితే ఇట్లనే పెడుదువా?"

సుష్మ ముఖం తెల్లబోయింది. ఆమెకు అక్క లేదు. ఉన్న ఒక్క అక్క అంబికే.

"సుష్మనేమీ అనొద్దురా. నేనే అడిగి పెట్టించుకుంటి" అంటూ అంబిక మిగిలిన సగం గుడ్డును గిన్నెలో పెట్టేసింది. నోట్లో ఉన్నది మింగాలో, ఉమ్మాలో ఆమెకు తెలియలేదు. జీవితమంతా పిల్లలకు కొసరి కొసరి వడ్డించిన మనిషి, ఆ రోజు దొంగతనం చేసి దొరికిపోయినదానిలా తలవంచుకొని కూర్చుంది. నాకు గంగాధరం మీద ఎంత కోపం ఉన్నా చెబుతున్నాను, వాడికి ఆ రాత్రి అన్నం దిగలేదు. ప్రేమే వాణ్ణి అట్లా అరిపించింది. అదే ఇందులో ఉన్న ఘోరం.

మళ్ళీ కుప్పం పోయారు. గంగాధరం, సుష్మ అంబికను చెరో పక్క పట్టుకొని నడిపించారు. బరువు చూసే యంత్రం మీద ఆమె సుష్మ భుజం పట్టుకొని నిలబడింది. డాక్టరు ఫర్హానా రిపోర్టులు చూసి, అంబిక చెయ్యి పట్టుకొని, ఎముకకు అంటుకుపోయిన చర్మాన్ని వేళ్ళతో తడిమింది.

"ఏం తింటున్నారమ్మా?" అని అడిగింది.

అంబిక తమ్ముడి వైపు చూసింది. గంగాధరం నిటారుగా కూర్చున్నాడు. వాడికి ఈ ప్రశ్నకు జవాబు బాగా తెలుసు.

"మేడమ్, పథ్యంలో రవ్వంత తేడా రానీలేదు. నీసు ముట్టనీలే. గుడ్డు లేదు, పాలు లేవు, పెరుగు లేదు. పప్పు నిలిపేస్తిమి. చెనిక్కాయలైతే ఇంట్లోకే రానీలే. తీపి మాన్పిస్తిమి. ఉప్పు, చింతపండు కూడా లేకుండా చేస్తాండాము."

ఆమె చివరి దాకా విన్నది.

"తిననివి చెప్పారు. తింటున్నవి చెప్పండి."

గంగాధరం నోరు తెరిచాడు. "జావ" అన్నాడు. "గంజి" అన్నాడు. తరువాత ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. సుష్మ వైపు చూశాడు. సుష్మ అతన్నే సూటిగా చూస్తోంది. చూపు తిప్పుకున్నాడు.

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. కోప్పడలేదు, కాని మెత్తగానూ మాట్లాడలేదు.

"గంగాధరం గారూ, వినండి. మేమెక్కించే మందు జబ్బును కొడుతుంది. కొట్టేటప్పుడు ఒంట్లో మంచిదాన్ని కూడా కొంత కొడుతుంది. పడిపోయిన గోడ మళ్ళీ లేవాలంటే ఇటుకలు కావాలి కదా? పప్పు, గుడ్డు, పాలు, మాంసం, చెనిక్కాయలు, ఇవే ఆ ఇటుకలు. మీరు ఇటుకలన్నీ ఆపేసి, గోడ ఎందుకు లేవలేదని నన్ను అడుగుతున్నారు. గుడ్డు తింటే గడ్డ పెరగదు. చెనిక్కాయ తింటే చీము పట్టదు. తినకపోతే మాత్రం మనిషి తగ్గిపోతుంది. మనిషి తగ్గిపోతే నేను మందు ఇవ్వలేను. మందు పడకపోతే గడ్డ పెరుగుతుంది. వచ్చేసారి కూడా ఇట్లే తీసుకొస్తే ఈ వైద్యం ఆపేయాల్సి వస్తుంది. ఇక ఆపరేషన్ మాట మరిచిపోండి."



"మరి ఏమేమి కూడదు మేడమ్?" పాపం, వాడికి అలవాటైన ప్రశ్న అదొక్కటే.

"నిలవ ఉన్నది, సరిగా ఉడకనిది, కడగనిది, బయట బండ్ల మీదది కూడదు. మీ అక్కకు షుగరు లేదు, వేరే జబ్బులు లేవు. నోరు పుండైనప్పుడు కారం తగ్గించండి. ఇక మిగిలినవన్నీ పెట్టండి. కొంచెం కొంచెంగా పెట్టండి, మాటిమాటికీ పెట్టండి."

ముగ్గురూ తిరుగు బస్సెక్కారు. వి.కోట దాటింది, పలమనేరు వచ్చింది. గంగాధరం కిటికీ వైపు ముఖం పెట్టి ఏడుస్తున్నాడు. డ్రైవరు దామోదర్ వెనక అద్దంలో చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. రోజూ తానే గద్దించి టికెట్లు కొట్టే బస్సులో ఒక కండక్టరు అలా ఏడవడం మామూలు సంగతి కాదు.

"అక్కా" అన్నాడు చివరికి. "పప్పు పెడతా. పాలు పెడతా. చెనిక్కాయల ఊరిబిండి నేనే దంచి పెడతా. గుడ్డూ మాంసమే ఎట్లనో... గంగమ్మకు మొక్కితి కదా."

అప్పటిదాకా సీటులో ఒదిగి కూర్చున్న అంబిక మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. ఇంత జబ్బులోనూ ఆ కళ్ళలో నిప్పు ఉంది.

"మొక్కింది ఎవురురా?"

"నేనే."

"నన్నడిగితివా?"

"లేదక్కా."

"మొక్కు నీది. నోరు నాది. నువ్వు ముట్టుకోవద్దు, నీ మొక్కు నువ్వు తీర్చుకో. గంగమ్మకు నేను సెప్పుకుంటా. ఆయమ్మా ఆడదే, ఆకలంటే ఆయమ్మకు తెలుసు." ఆయాసంతో కాసేపు ఆగింది. "నిన్ను సాకినన్నాళ్ళూ ఏ పూటైనా నీ నోరు కడితినా అబ్బోడా? జరమొచ్చినా, దగ్గొచ్చినా ఏదో ఒకటి తినిపిస్తి గదా? నేను అడిగింది రుచి కోసరం కాదురా. నాకు బతకల్లని ఉండాది."

గంగాధరం అక్క చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆమె వాడి తల నిమిరింది. "సాల్లే, గమ్మునుండు. అందరూ సూస్తాండారు" అంది. ఆ తరువాత, "ముందు సుష్మకు సెప్పు నువ్వు సెప్పల్సింది" అంది.

"తప్పయింది సుష్మా" అన్నాడు గంగాధరం.

"తప్పొప్పులు ఇంటికి పోయి సూసుకుందాం. గుడ్లు తెప్పించు ముందు" అంది సుష్మ.

అడ్డు తొలగింది, అంబిక తిన్నది, కోలుకున్నది అని ఇక్కడ కథ ముగిస్తే అది మోసం అవుతుంది. తిండి ఇంట్లోకి వచ్చాకే అసలు కష్టం తెలిసింది. ఇన్నాళ్ళూ తినాలని ఏడ్చిన మనిషికి ఇప్పుడు తినడం చాతకాలేదు. మందుల వల్ల నాలుక పుండ్లు పడింది. ఏది నోట్లో పెట్టినా ఇనుము నాకినట్టుంది అనేది. తిరగమోత వాసన వస్తే వాంతి. ఒక ముద్ద లోపలికి పోతే, రెండు ముద్దలు బయటికి వచ్చేవి.

అయినా ముగ్గురిలో ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. సుష్మ తిరగమోత పెరట్లో పొయ్యి మీద పెట్టేది. గుడ్డును మెత్తని అన్నంలో చిదిమి కలిపేది. ఊరిబిండిని, ఆ చెనిక్కాయల పచ్చడిని, మిరపకాయ లేకుండా నూరి, పెరుగుతో పలుచగా చేసి ఇచ్చేది. రాగిసంగటిని పాలలో కలిపి చిన్న చిన్న ముద్దలు చేసేది. అంబిక వాంతి చేసుకొని, నోరు కడుక్కొని, కాసేపు కళ్ళు మూసుకొని, మళ్ళీ గిన్నె అందుకొనేది. "పెట్టుమే. పోయింది పోనీ, ఉండేది ఉంటాది" అనేది. తినడం ఆమెకు ఆకలి తీర్చుకోవడం కాదు, పని. బడిలో పెద్ద గిన్నెలు దించినంత పని.

ఒక ఆదివారం గంగాధరం తానే నాటుకోడి తెచ్చి, శుభ్రం చేసి, అక్క కోసం పలుచని పులుసు కాచాడు. మొక్కు తనది కాబట్టి నాలుక మీద చుక్క కూడా వేసుకోలేదు. అంబిక ఒక చెంచా తాగి ముఖం వింతగా పెట్టింది. గంగాధరం ముందుకు వంగాడు.

"ఏమైందక్కా?"

"ఉప్పు జాస్తి అయిందిరా సచ్చినోడా!"

ఎన్ని నెలల తరువాతో ఆ ఇంట్లో నవ్వు పుట్టింది. ఉప్పు కోసం బతిమాలిన మనిషికి ఉప్పు ఎక్కువైంది. సుష్మ ఇంత వేడినీళ్ళు కలిపి ఇస్తే అంబిక గిన్నె ఖాళీ చేసింది. అది లోపలే నిలిచింది.

మళ్ళీ కుప్పం పోయినప్పుడు బరువు చూసే యంత్రం మీద అంబిక ఎవరినీ పట్టుకోకుండా నిలబడింది. ఎగిరి గంతేసేంత మార్పు ఏమీ లేదు. కాని తగ్గడం ఆగి, కొంచెం పెరిగింది. రక్తం కూడా మెరుగైంది. ఫర్హానా రిపోర్టు మడిచి పెట్టి, "ఈ రోజు మందు ఎక్కిద్దాం" అన్నది. ఇన్నాళ్ళూ ఆ మందంటే వణికిన అంబిక చెయ్యి చాపి, "ఎక్కించండమ్మా, కాసుకుంటా" అంది. గంగాధరం గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మందు పడిన తరువాతి వాంతులు, నీరసం కాస్త తగ్గినాక ఒక సాయంత్రం భీమరావు మామ మళ్ళీ వచ్చాడు. చేతిలో యాపిల్ పండ్ల సంచి. గడపలోనే ఆగి వాసన పట్టాడు.

"అల్లుడూ, కోడి వాసన వస్తాండాదే! మొక్కు ఏమాయ? అమ్మాయికి నోరు కట్టమని సెప్పింటి కదా. ఇంగొకటి కూడా సెప్పి పోదామనే వచ్చినా..."

గంగాధరం ఆయన చేతిలో సంచి అందుకున్నాడు. కోపగించుకోలేదు. అంబిక మంచం పక్కన ఆకు వేసి, పీట జరిపాడు.

"మామా, నువ్వు అంత దూరం నుంచి వచ్చింది మా అక్క మీద ప్రేమతోనే. నాకు తెలుసు. నేనూ ఆ ప్రేమతోనే మా అక్కని పస్తులు పెట్టి సంపుకోబోతి. మొక్కు నాది, నేను ముట్టుకోలే. అక్క తింటాంది, అందుకే మందు పడింది. ఇంగ మా ఇంటికి వచ్చినోళ్ళు తినొద్దనే మాటను చెప్పులతో పాటు గడప బయటనే ఇడిసి రావల్ల. లోపలికొచ్చి అక్క పక్కన కూకొని ఒక ముద్ద తినల్ల. ఇదే మా ఇంట్లో కొత్త పథ్యం."

భీమరావు అల్లుణ్ణి చూశాడు, కోడల్ని చూశాడు, మంచం మీద మేనకోడలి ముఖం చూశాడు. పోయినసారి చూసిన ముఖం కాదది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. సుష్మ సంగటి ముద్ద పెట్టి పులుసు పోసింది. పెద్దాయన ముద్ద విరిచి, పులుసులో అద్ది, ముందు మేనకోడలి నోటికి అందించి తరువాత తాను తిన్నాడు.

మామ తింటుంటే చూస్తూ అంబిక తన గిన్నె ముందుకు చాపింది. "సుష్మా, ఇంగొక ముద్ద పెట్టుమే" అంది.

చదివేవారలారా, మీ వాళ్ళెవరైనా జబ్బు పడితే చూడబోండి, తప్పకుండా పోండి. కాని ఏది తినాలో, ఏది తినకూడదో వైద్యుణ్ణి చెప్పనివ్వండి. తినొద్దని చెప్పేవాళ్ళు ప్రతి ఇంటికీ పదిమంది ఉన్నారు. రోగి పక్కన కూర్చొని, వాంతి అయినా విసుక్కోకుండా మరొక ముద్ద కలిపి పెట్టేవాడే తోబుట్టువు.